గేమ్ కంట్రోలర్ కొనే ముందు కాస్త భౌతికశాస్త్రం

మీ ఇంట్లోగాని, తాతగారి ఇంట్లోగాని పాత రేడియో ఉంటే దాని శబ్దం పెంచే నాబ్‌ను మెల్లగా తిప్పి చూడండి. ఏళ్ళ తరబడి వాడినదైతే మధ్యలో ఎక్కడో ఒకచోట 'గరగర' మంటుంది. ఇంకొంచెం తిప్పితే సర్దుకుంటుంది. రేడియోకు జలుబు చేసిందని నవ్వుకుని ఊరుకుంటాం. కంప్యూటర్ మీద ఆటలాడటానికి కొనే కంట్రోలర్‌కు కూడా అచ్చంగా ఇదే జబ్బు వస్తుంది. మీరు బొటనవేలు తీసేసినా తెరమీది ఆటగాడు తనంతట తానే పక్కకు నడిచిపోతూ ఉంటాడు. దీన్ని 'డ్రిఫ్ట్' అంటారు. అమ్మా నాన్నలను బతిమాలి కొనిపించుకున్న కంట్రోలర్లు ఎన్నో ఈ జబ్బుతోనే మూల పడుతుంటాయి. ఆ జబ్బు ఎందుకు వస్తుందో తెలిస్తే, అంగట్లో ఏది కొనాలో సగం తెలిసినట్లే.

అంతకంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. అసలు మీకు కంట్రోలర్ అవసరమా? కీబోర్డు మీద ఉండే మీటకు రెండే మాటలు వచ్చు: నొక్కారు, నొక్కలేదు. కారు పందెం ఆడుతున్నారనుకోండి. బాణం గుర్తు మీట నొక్కితే చక్రం పూర్తిగా ఎడమకు తిరుగుతుంది, వదిలితే పూర్తిగా మొదటికి వస్తుంది. రోడ్డు మీద ఎవరైనా అలా బండి నడుపుతారా? కంట్రోలర్‌లో బొటనవేళ్ళ కింద పుట్టగొడుగుల్లా రెండు చిన్న కాడలుంటాయి. వీటిని స్టిక్‌లు అంటారు. స్టిక్ 'ఎటు' అన్నదే కాక 'ఎంత' అన్నది కూడా చెబుతుంది. అందుకే కార్ల పందేలకు, ఫుట్‌బాల్‌కు, పరుగెత్తి దూకే ఆటలకు అది బాగా నప్పుతుంది.

గురిచూసి కొట్టే ఆటల సంగతి వేరు. మౌస్‌ను రెండు అంగుళాలు జరిపితే గురి అంతకు తగ్గ దూరం జరిగి ఆగిపోతుంది. స్టిక్‌ను వంచి పట్టుకుంటే గురి కదులుతూనే ఉంటుంది. అంటే మౌస్ చెప్పేది దూరం, స్టిక్ చెప్పేది వేగం. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మీకు ఏది కావాలో ఆలోచించండి. చదరంగం, యుద్ధవ్యూహాలు, గురిపందేలు మాత్రమే ఆడేవారు డబ్బు దాచుకోవడం మంచిది.

ఇక అసలు విషయానికి వద్దాం. స్టిక్ ఎంత వంగిందో యంత్రానికి ఎలా తెలుస్తుంది?

పాత పద్ధతి, ఇప్పటికీ ఎక్కువగా కనిపించే పద్ధతి, రేడియో నాబ్‌లో ఉన్నదే. దాని పేరు పొటెన్షియోమీటర్. అర్ధచంద్రాకారంలో ఒక కర్బనపు పట్టీ ఉంటుంది. దాని మీద చిన్న లోహపు నాలుక ఒకటి రాసుకుంటూ జరుగుతుంది. పట్టీ రెండు కొనల మధ్య 3 వోల్టులు పెట్టామనుకోండి. నాలుక సరిగ్గా మధ్యలో ఉంటే దాని దగ్గర 1.5 వోల్టులు ఉంటాయి. ఒక కొన వైపు జరిగితే పెరుగుతుంది, రెండో కొన వైపు జరిగితే తగ్గుతుంది. ఒక్కొక్క స్టిక్ కింద ఇలాంటివి రెండు లంబకోణంలో అమర్చి ఉంటాయి. ఒకటి అడ్డానికి, ఒకటి నిలువుకు. గ్రాఫు కాగితం మీద ఒక బిందువు ఎక్కడుందో చెప్పడానికి మీరు వాడే ఎక్స్, వై నిరూపకాలే ఇవి! ఆ వోల్టేజిని లోపలి చిప్ ఒక అంకెగా మారుస్తుంది. 0 నుంచి 255 దాకా లెక్కించే చిప్ అయితే, స్టిక్ నిటారుగా ఉన్నప్పుడు ఇంచుమించు 128 రావాలి.

ఈ పద్ధతికి చాలా వయస్సుంది. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతికశాస్త్రవేత్త సందర్శకుల వినోదం కోసం ఆసిలోస్కోప్ తెర మీద టెన్నిస్ ఆట తయారుచేశాడు. ఆటగాళ్ళ చేతిలో ఒక నాబ్, ఒక బటన్. బంతి ఏ కోణంలో పోవాలో ఆ నాబ్ చెప్పేది. 1981లో వచ్చిన ఐబిఎం పర్సనల్ కంప్యూటర్ ఇంకో చమత్కారం చేసింది. అందులో వోల్టేజిని కొలవలేదు, కాలాన్ని కొలిచారు! జాయ్‌స్టిక్‌లోని నిరోధం గుండా ఒక కెపాసిటర్‌ను నింపి, అది నిండటానికి ఎంతసేపు పట్టిందో కంప్యూటర్ లెక్కపెట్టేది. నిరోధం లక్ష ఓములుంటే సెకండులో వెయ్యో వంతు కంటే కాస్త ఎక్కువ. సన్నటి గొట్టంతో బిందె నింపితే ఆలస్యం, లావు గొట్టంతో నింపితే త్వరగా నిండుతుంది కదా, అలాగే.

పొటెన్షియోమీటర్‌ను మీరే తయారుచేయవచ్చు. 6బి పెన్సిల్ తీసుకుని, కాగితం మీద 10 సెంటీమీటర్ల పొడవు, 1 సెంటీమీటరు వెడల్పు గల పట్టీని బాగా నల్లగా రుద్దండి. బడిలోని మల్టీమీటర్‌ను నిరోధం కొలిచే వైపు తిప్పి, ఒక తీగను పట్టీ చివర ఉంచి, రెండోదాన్ని 2, 4, 6, 8 సెంటీమీటర్ల దగ్గర ఆనించి అంకెలు రాసుకోండి. దూరంతో పాటు నిరోధం పెరగడం కనిపిస్తుంది. ఇప్పుడు పట్టీ మధ్యభాగాన్ని తీగ మొనతో యాభైసార్లు అడ్డంగా గీకి మళ్ళీ కొలవండి. అంకెలు మారిపోయి ఉంటాయి. డ్రిఫ్ట్ అంటే ఇదే. కంట్రోలర్ లోపల లోహపు నాలుక కర్బనపు పట్టీని వేలసార్లు రాస్తుంది. పట్టీ అరుగుతుంది, ఆ పొడి అక్కడే పేరుకుంటుంది, బయటి దుమ్ము కూడా తోడవుతుంది. స్టిక్ నిటారుగానే ఉన్నా 128కి బదులు 140 వస్తుంది. కంప్యూటర్ పాపం ఏం చేస్తుంది? మీరే వంచారనుకుని ఆటగాణ్ణి నడిపిస్తుంది.

దీనికి ఆటలు రాసేవారు ఒక ఉపాయం చేశారు. మధ్యలో కొంత మేర వచ్చే అంకెలను లెక్కలోకి తీసుకోరు. దాని పేరు 'డెడ్ జోన్'. మైక్రోసాఫ్ట్ పద్ధతిలో స్టిక్ ఒక పక్కకు పూర్తిగా వంగితే అంకె 32767. ఎడమ స్టిక్‌కు ఆ సంస్థ సూచించిన డెడ్ జోన్ 7849. భాగించి చూడండి, ఇంచుమించు 24 శాతం! స్టిక్ కదలికలో దాదాపు పావువంతు వృథా అన్నమాట. డ్రిఫ్ట్ వచ్చిన కంట్రోలర్‌కు డెడ్ జోన్ ఇంకా పెంచి వాడుకోవచ్చు, కాని అది జ్వరానికి తడిగుడ్డ వేయడం లాంటిది. 'కొంచెం' వంచడమన్నది పోతుంది. ఆ కొంచెం కోసమే కదా కీబోర్డు కాదని దీన్ని కొన్నది!

రాసుకోవడమే జబ్బుకు మూలమైతే, రాసుకోకుండా కొలవలేమా? కొలవగలం. ఆ కిటుకు 1879 నాటిది.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ హాల్ అనే విద్యార్థి ఉండేవాడు. వయస్సు 23. అయస్కాంతం చూపే బలం తీగ మీద పనిచేస్తుందే కాని లోపలి విద్యుత్ ప్రవాహం మీద కాదని మహాశాస్త్రవేత్త మాక్స్‌వెల్ తన గ్రంథంలో రాశాడు. హాల్‌కు ఆ మాట రుచించలేదు. గురువైన రౌలండ్‌ను అడిగాడు. ఆయనకూ అనుమానమే. హాల్ గాజుపలక మీద పలుచని బంగారు రేకు అంటించి, అందులో విద్యుత్తు పంపి, దాన్ని అయస్కాంతం మధ్య ఉంచాడు. రేకు రెండు అంచుల మధ్య అతి స్వల్పమైన వోల్టేజి కనిపించింది! పరుగెత్తే విద్యుదావేశాలను అయస్కాంతం పక్కకు నెట్టి ఒక అంచున పోగుచేస్తున్నదన్నమాట. పదో తరగతిలో చదివే ఫ్లెమింగ్ ఎడమచేతి నియమాన్ని వేళ్ళతో పట్టి చూస్తే ఎటు నెడుతుందో తెలుస్తుంది. అప్పటికి ఎలక్ట్రాన్‌ను ఎవరూ కనుగొనలేదు సుమా! దానికి ఇంకా 18 ఏళ్ళు ఆగాలి.

బంగారంలో ఈ వోల్టేజి చాలా తక్కువ, అర్ధవాహకాలలో ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే ఇప్పటి హాల్ సెన్సర్లను అర్ధవాహకాలతో చేస్తారు. స్టిక్ కింద చిన్న అయస్కాంతాన్ని బిగించి, కొంచెం ఎడంగా సెన్సర్‌ను ఉంచుతారు. స్టిక్ వంగితే అయస్కాంతం తిరుగుతుంది, సెన్సర్ దగ్గర అయస్కాంత క్షేత్రం మారుతుంది, దానితోపాటు వోల్టేజి మారుతుంది. ఒకదానినొకటి తాకవు కనుక అరగడానికి పట్టీయే లేదు. 1998లో సెగా సంస్థ తెచ్చిన డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే ఈ ఏర్పాటు ఉంది. తరువాత చాలా ఏళ్ళు పొటెన్షియోమీటర్లే రాజ్యమేలాయి. ఇప్పుడు మళ్ళీ హాల్ స్టిక్‌లు అందుబాటు ధరల్లోకి వస్తున్నాయి.

అట్టపెట్టెల మీద 'టిఎంఆర్' అన్న అక్షరాలు కూడా కనిపించవచ్చు. ఇదీ అయస్కాంతంతో పనిచేసేదే. రెండు అయస్కాంత పొరల మధ్య కొన్ని అణువుల మందం మాత్రమే ఉండే విద్యుత్ బంధకపు పొర ఉంటుంది. ఎలక్ట్రాన్లు దానిలో సొరంగం తవ్వినట్లు దాటిపోతాయి. ఎంత సులువుగా దాటుతాయన్నది పొరల అయస్కాంత దిశలను బట్టి ఉంటుంది. దీనికి తక్కువ విద్యుత్తు చాలు కనుక బ్యాటరీతో నడిచే కంట్రోలర్లకు అనుకూలం.

అట్ట మీద 'హాల్' అన్న మాట కనిపించగానే డబ్బు తీయకండి. అది స్టిక్‌ల గురించా, చూపుడువేళ్ళ కింద ఉండే ట్రిగ్గర్ల గురించా చూడండి. ట్రిగ్గర్లలో మాత్రమే హాల్ సెన్సర్లు పెట్టి, స్టిక్‌లలో పాత పట్టీనే ఉంచినవి ఉన్నాయి. హాల్ స్టిక్‌కు కూడా నిటారుగా నిలబెట్టే స్ప్రింగు ఉంటుంది. స్ప్రింగు సడలితే ఏ సెన్సరూ ఆదుకోదు.

తక్కిన సంగతులు త్వరగా ముగిద్దాం. విండోస్ కంప్యూటర్‌కు కొనేటప్పుడు 'ఎక్స్‌ఇన్‌పుట్' అనే పద్ధతి ఉందో లేదో అడగండి. 2005 ప్రాంతంలో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఈ పద్ధతిని ఆటలు చాలావరకు గుర్తిస్తాయి. పాతదైన 'డైరెక్ట్‌ఇన్‌పుట్' మాత్రమే ఉంటే కొన్ని ఆటలు ఏ బటన్ ఏదో తెలియక తికమక పడతాయి.

సెకండుకు ఎన్నిసార్లు కంప్యూటర్‌కు కబురు పంపుతుందన్న అంకెను కొందరు గొప్పగా ప్రకటిస్తారు. 125 సార్లు పంపితే రెండు కబుర్ల మధ్య 8 మిల్లీసెకండ్లు, 1000 సార్లయితే 1 మిల్లీసెకండు. సెకండుకు 60 బొమ్మలు చూపే తెర మీద ఒక్కో బొమ్మ నిలిచేదే 16.7 మిల్లీసెకండ్లు. మరి మీ సంగతి? స్నేహితుణ్ణి స్కేలు వదలమని, పడుతుండగా వేళ్ళతో పట్టుకోండి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మీకు పట్టిన కాలం 200 మిల్లీసెకండ్లు! కాబట్టి ఆ అంకె కోసం అదనంగా డబ్బు పోయడం నాకైతే దండగ అనిపిస్తుంది. తీగ ఉన్నది కొంటే బ్యాటరీ బెడద ఉండదు, ధర కూడా తక్కువ.

చేతికి పట్టే తీరు మాత్రం ఎవరికి వారు పట్టుకుని చూడవలసిందే. అందరి చేతులూ ఒకలా ఉండవు. రెండు చేతులూ సరిగా ఆడనివారు కాలితోనో, మోచేతితోనో నొక్కే పెద్ద మీటలను తగిలించుకునే కంట్రోలర్‌ను మైక్రోసాఫ్ట్ 2018లో విడుదల చేసింది.

కొన్నాక ఆ రోజే ఒక పరీక్ష చేయండి. విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కితే వచ్చే గడిలో ఇంగ్లీషులో జె, ఓ, వై, చుక్క, సి, పి, ఎల్ అని కొట్టండి. కంట్రోలర్ పేరు కనిపిస్తుంది. దాని ప్రాపర్టీస్ తెరిస్తే ఒక చతురస్రం, అందులో చిన్న గుర్తు ఉంటాయి. స్టిక్‌ను కుడికి పూర్తిగా వంచి వదలండి. తరువాత ఎడమకు, పైకి, కిందికి. ఒక్కో దిక్కుకు పదేసిసార్లు చేసి, గుర్తు ప్రతిసారీ మధ్యకే వచ్చి ఆగుతోందో లేదో చూడండి. వెంట్రుకవాసి తేడా ఉంటే ఉండనివ్వండి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతున్నా, ఆగకుండా వణుకుతున్నా గడువు దాటకముందే దుకాణానికి తీసుకువెళ్ళి మార్చి తెచ్చుకోండి.