బంతిని పంచుకొనే విద్య
1950 నాటి హైదరాబాదు పోలీసు జట్టు నేర్పిన పాఠం

చదువు తరగతి గదిలోనిదనీ, ఆట మైదానంలోనిదనీ మనం సాధారణంగా భావిస్తాం. ఈ రెంటికీ నడుమ గోడ కట్టినది మనమే. ఆ గోడను తొలగించి, మైదానాన్నే తరగతి గదిగా మార్చిన ఉపాధ్యాయుడొకరు హైదరాబాదులో ఉండేవారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950లో సాధించిన విజయాలనూ, ఆ విజయాల వెనుక ఉన్న బోధనా పద్ధతినీ విద్యార్థులకు పరిచయం చేయుట ఈ వ్యాసం ఉద్దేశం.

ఆట మన దేశానికి వచ్చిన దారి

ఫుట్‌బాల్ చరిత్రలో స్కాట్లాండుకు ప్రత్యేక స్థానం ఉన్నది. 1872 నవంబరు 30న గ్లాస్గో నగరంలో స్కాట్లాండు, ఇంగ్లండు జట్లు తలపడిన ఆటయే మొట్టమొదటి అంతర్జాతీయ పోటీగా గుర్తింపు పొందినది. ఇరు జట్లూ ఒక్క గోలు కూడ చేయలేకపోయినవి. స్కాట్లాండు పక్షాన ఆడిన పదకొండు మందీ క్వీన్స్ పార్క్ అనే ఒకే క్లబ్బు వారు. ఇంగ్లండు ఆటగాళ్ళు వారికంటె బరువులోను, దేహబలంలోను అధికులు. బంతిని ఒక్కడే ముందుకు తీసికొనిపోవుట ఆనాటి ఇంగ్లండు ఆటతీరు. తేలికపాటి దేహాలు గల స్కాట్లాండు వారు బంతిని ఒకరికొకరు అందించుకొంటూ ఆడి ఆ బలాన్ని ఎదుర్కొన్నారు. బలహీనులకు పొత్తే బలమని ఆట రూపంలో నిరూపించినది వారే.

ఆ ఆట మన దేశానికి సైనికుల వెంట వచ్చినది. 1888లో సిమ్లా ప్రాంతంలో సర్ మార్టిమర్ డ్యూరాండ్ పేరిట ఒక పోటీ ప్రారంభమైనది. తొలి ఏడాది తుది పోటీలో తలపడిన రెండు జట్లూ స్కాట్లాండు పటాలాలే. రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్ వారు హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీ వారిని 2–1 తేడాతో ఓడించి కప్పు గెలుచుకొన్నారు. డ్యూరాండ్ కప్పు ఒక భారతీయ జట్టుకు దక్కుటకు 1940 వరకు వేచి ఉండవలసి వచ్చినది. ఆ కీర్తి కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బుకు లభించినది.

1950: రెండు కప్పులు

1948 సెప్టెంబరులో జరిగిన సైనిక చర్యతో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసినది. ఆ మార్పు వేళ ఎన్నో కుటుంబాలు నష్టాలకు గురి అయినవి. ఉద్యోగాలు పోయినవారు, రేపటి గురించి దిగులుపడినవారు అనేకులు. ఆ నగరం తనను తాను తిరిగి కూడదీసుకొంటున్న రోజులవి.

అటువంటి సమయంలో, 1950లో, రహీం గారు సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యత స్వీకరించారు. అదే సంవత్సరం ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలిచినది. ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ పోటీలో తుది ఆటకు చేరి, కలకత్తా మోహన్ బగాన్‌ను ఎదుర్కొన్నది. మొదటి ఆట 2–2తో సమమైనది. తిరిగి ఆడిన ఆటలో 1–0తో విజయం హైదరాబాదుదైనది. ఫుట్‌బాల్ అనగానే కలకత్తా పేరే స్మరించే దేశానికి దక్కనులో మరొక కేంద్రం ఉన్నదని ఆ ఏడాది తెలిసి వచ్చినది. 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు రోవర్స్ కప్పు హైదరాబాదు పోలీసుల వద్దనే ఉన్నది. ఇది ఒకనాటి అదృష్టం కాదనుటకు ఇంతకంటె సాక్ష్యం అవసరం లేదు.

రహీం బోధన

రహీం గారు 1909లో జన్మించారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల పాఠశాలల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలోను శిక్షణ పొందారు. ఆయన మైదానంలో చేసిన పనిని పరిశీలిస్తే అది మంచి ఉపాధ్యాయుని పనియే.

విద్యార్థికి ఏది రాదో అదే ముందు నేర్పాలి. కుడికాలితోనే తన్నే అలవాటు గలవానికి ఎడమకాలు నిరుపయోగం కాకూడదని, బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు ఆయన ఏర్పాటు చేశారు. బంతిని తన కాళ్ళ వద్దనే ఉంచుకొని ఒక్కొక్కరినీ తప్పించుకొంటూ పరుగెత్తుటను డ్రిబ్లింగ్ అంటారు. చూచువారికి అది ముచ్చటగా ఉంటుంది. ఆడువానికి పేరు తెస్తుంది. కాని జట్టుకు అన్ని వేళలా మేలు చేయదు. అందుచేత డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు కూడ ఆయన నడిపించారు. ఆ పోటీలో బంతి అందినవాడు వెంటనే మరొకరికి అందించి తీరాలి. అందించిన తరువాత నిలబడిపోరాదు. తిరిగి అందుకొనుటకు వీలైన చోటికి కదలాలి.

ఇది మనకు తెలియని విద్య కాదు. మేడ కట్టే చోట కూలీలు వరుసగా నిలిచి ఇటుకలను చేతినుండి చేతికి అందించుకొనుట మనం చూస్తూనే ఉన్నాం. ఒక్కడే తట్ట నిండా మోసుకొని పోతే చూచువారు అతని బలాన్ని మెచ్చుకోవచ్చు. పొద్దు గూకేసరికి గోడ మాత్రం లేవదు.

ఓటమి కూడ గురువే

రహీం గారు భారత జట్టుకు కూడ శిక్షకులైనారు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో మన జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం పొందినది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో 10–1తో ఘోరంగా ఓడినది. మన ఆటగాళ్ళలో పలువురు అప్పటికి వట్టి కాళ్ళతోనే ఆడేవారు. ఆ ఓటమి తరువాతనే బూట్లు తప్పనిసరి అయినవి. తప్పు తెలిసికొని దిద్దుకొన్నందువలననే తరువాతి విజయం సాధ్యమైనది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినది. సరిగా నెల తిరిగేసరికి, డిసెంబరు 1న, మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4–2తో ఓడించినది. బొంబాయికి చెందిన నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు చేశారు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ వంటి హైదరాబాదు, సికింద్రాబాదుల బిడ్డలు ఆ జట్టులో ఉన్నారు. ఈ పేర్లను మరొక్కసారి చదువుకొనండి: మూడు మతాల వారు, అనేక భాషల వారు, బంతి మాత్రం ఒక్కటే. ఆనాడు లభించిన నాలుగవ స్థానమే నేటికీ ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి అత్యుత్తమ స్థానం.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం గారిని క్యాన్సరు వ్యాధి పట్టి పీడిస్తున్నది. అయినను జట్టును విడువలేదు. సెప్టెంబరు 4న తుది పోటీలో భారత జట్టు దక్షిణ కొరియాను 2–1తో ఓడించినది. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరియొక గోలు చేశారు. తలకు తగిలిన గాయానికి కుట్లు పడినప్పటికీ జర్నైల్ ఆడుట మానలేదు. తరువాత ఏడాది తిరుగకుండానే, 1963 జూన్ 11న, రహీం గారు కన్నుమూశారు.

దీపం ఎందుకు కొడిగట్టినది?

1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచినది. పిమ్మట ఆ వైభవం క్రమంగా క్షీణించినది. మేటి ఆటగాళ్ళు కలకత్తా క్లబ్బులకు తరలుట ఒక కారణం కావచ్చు. అంతకంటె పెద్ద కారణం, నా దృష్టిలో, వేరొకటి. రహీం గారి ఆటగాళ్ళను దేశమంతా ఎరిగినది గాని, ఆయన పద్ధతిని ప్రతి పాఠశాలకూ చేర్చుకొనలేదు. గురువు పోయిన తరువాత మిగులవలసినది పద్ధతి. అది మిగలని చోట కప్పులు అద్దాల బీరువాలకే పరిమితమగును.

2024లో రహీం గారి జీవితంపై ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం విడుదలైనది. దానితో ఆయన పేరు నేటి యువతకు కొంత తెలిసినది. అయితే తెరపై చూచి చప్పట్లు కొట్టుటతో ఋణం తీరదు.

మన కర్తవ్యం

మన కళాశాలకు తెనాలి వీధుల నుండి నడిచి వచ్చేవారు, బాపట్ల, రేపల్లెల నుండి రైలులో వచ్చేవారు ఉన్నారు. ఉర్దూ మాట్లాడే ఇంటి బిడ్డ, తెలుగు మాట్లాడే ఇంటి బిడ్డ ఒకే బల్లపై కూర్చుంటున్నారు. కాని విరామ సమయంలో ఎవరి గుంపు వారిదే. సాయంత్రం బండి అందుకొనే తొందరలో మైదానం ఖాళీగా మిగిలిపోతున్నది.

కళాశాల సంఘం పెద్దలకు నా మనవి ఒక్కటే. వారానికి ఒక్క గంట, బండి వేళకు ముందుగా, కాలపట్టికలోనే ఆటకు కేటాయించండి. పెద్ద మైదానం అవసరం లేదు. ఐదుగురేసి జట్లు చాలును. ఊరిని బట్టి, భాషను బట్టి జట్లు కట్టకుండా చీట్లు తీసి కలపండి. డ్రిబ్లింగ్ నిషేధమన్న రహీం గారి నియమాన్ని అమలు చేయండి. ప్రక్కవాని పేరు తెలియనివాడు బంతిని అందించలేడు. అందుచేత మొదటి వారంలోనే అందరికీ అందరి పేర్లు తెలుస్తాయి.

ప్రియ విద్యార్థులారా! మీలో అందరూ క్రీడాకారులు కానక్కరలేదు. కాని జ్ఞానమైనా, అవకాశమైనా మీ కాళ్ళ వద్దకు వచ్చినప్పుడు తల ఎత్తి చూడండి. మీకంటె మంచి చోట నిలిచినవాడు కనబడితే అతనికి అందించండి. అందించి ఆగిపోకండి, ముందుకు కదలండి. 1950లో ఒక ఉపాధ్యాయుడు తన జట్టుకు నేర్పిన పాఠం ఇదే.