అద్దెలో మిగిలింది ఆర్డర్లలో పోకుండా

ఇంత దూరం ఎందుకొచ్చారని నాదర్‌గుల్‌లో ఇల్లు తీసుకున్న ఉద్యోగిని అడగండి, అద్దె సంగతే చెబుతాడు. మాదాపూర్‌లో ఇరుకు గదికిచ్చే డబ్బుతో ఇక్కడ గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు, కింద బండికి చోటు. మాట నిజమే. ఆ మిగులు మాత్రం బ్యాంకు ఖాతాలో కనబడదు. ఎటు పోయిందో తెలియాలంటే ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో పోయిన నెల చిట్టా తీసి, తిండికి కట్టినవన్నీ కూడండి. పదులూ ఇరవైలూ కూడా వదలొద్దు.

ఒక అంచనా వేద్దాం. పొద్దున బండి దగ్గర టిఫిన్ 50, రెండు టీలు 30, సాయంత్రం మిర్చి బజ్జీయో సమోసాయో 40. రోజుకు 120. నెలలో 22 పనిదినాలకు 2,640. వారానికి మూడు రాత్రులు యాప్‌లో 250 చొప్పున తెప్పిస్తే ఇంకో 3,000. ఇంటిల్లిపాదీ నెలకు రెండుసార్లు బిర్యానీకి వెళ్లినా 2,000తో పోతుంది. పొదుపు అనగానే అందరూ కోసేది ఆ బిర్యానీనే! దాని జోలికి వెళ్లకండి. ఇంట్లో అందరూ ఎదురుచూసేది అదొక్కటే. పోతున్నది ఎవరికీ గుర్తుండని 120 దగ్గర, ఒళ్లు అలిసిన రాత్రుల దగ్గర. ఇది మన ఒక్కరి కథే కాదు. కేంద్రం చేసిన 2023-24 గృహ వినియోగ సర్వేలో పట్టణాల తిండి ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు బియ్యమూ కాదు, పాలూ కాదు. పానీయాలు, చిరుతిళ్లు, బయట వండిన తిండి కలిసిన పద్దు. నెల మొత్తం ఖర్చులో అదొక్కటే 11 శాతం.

2018లో ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేటకు, మరుసటేడు అక్కణ్నుంచి హైటెక్ సిటీకి మెట్రో నడిచాక ఈ వైపు కాపురం ఉండి ఆ వైపు ఉద్యోగం చెయ్యడం కుదిరింది. కానీ ఆరింటికి ఆఫీసు వదిలితే అమీర్‌పేటలో బండి మారి, ఎల్బీనగర్‌లో దిగి, బీఎన్ రెడ్డి నగర్ మీదుగా ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటుతుంది. మెట్రోలో తినకూడదు. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న అన్నం ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ దాటుతుండగానే వేలు యాప్ మీదికి పోతుంది. ఆర్డర్ పెట్టించేది ఆ ఆకలే, రుచి కాదు. అందుకని ఆఫీసు నుంచి కదలబోయే ముందు రెండు అరటిపండ్లో, గుప్పెడు వేయించిన పల్లీలో, ఒక పల్లీపట్టీయో తినేయండి. పదిహేను రూపాయల్లో అయిపోతుంది. ఈ వ్యాసంలో ఒక్క సలహానే పాటించే ఓపిక ఉంటే ఇదే పాటించండి.

యాప్ బిల్లు ఒకసారి పైనుంచి కిందిదాకా చదవండి. చాలా హోటళ్లు కౌంటర్ ధర కన్నా యాప్‌లో ఎక్కువ పెడతాయి. ఆ పైన ప్యాకింగ్, డెలివరీ చార్జీ, ప్లాట్‌ఫామ్ ఫీజు. ఈ ఫీజు 2023లో 2 రూపాయలతో మొదలైంది, ఇప్పుడు పది దాటిపోయింది. తగ్గింపు కూపన్ కోసం ఇంకో ఐటమ్ కలిపే అలవాటు వేరే.

రాత్రి పూట మొత్తం వంట చెయ్యాలని పంతం పట్టకండి, మూడో రోజుకే విసుగొస్తుంది. మన ఊళ్లో వీధికో కర్రీ పాయింట్ ఉన్నది ఇందుకే. అన్నం ఇంట్లో పెట్టుకుని, ఒక్క వేపుడో పులుసో తెచ్చుకోండి. బియ్యం కిలో 60 అనుకుంటే ఒక మనిషి రాత్రి అన్నానికి ఏడెనిమిది రూపాయలు. పప్పు కర్రీ పాయింట్‌లో కొనకండి, కుక్కర్‌లో అన్నం గిన్నె మీదే ఇంకో గిన్నె పెడితే ఉడికిపోతుంది. కందిపొడి, ఆవకాయ, పెరుగు ఇంట్లో ఉంటే కూర లేని రాత్రి కూడా గడిచిపోతుంది. కూరగాయలకు సరూర్‌నగర్, వనస్థలిపురం రైతుబజార్లు ఉన్నాయి. ధరల బోర్డు చూసి కొనుక్కోవచ్చు, బేరం బాధ లేదు.

పొద్దుటి సంగతి. ఆదివారం రుబ్బిన దోసె పిండి ఫ్రిజ్‌లో బుధవారం దాకా బాగుంటుంది. గురువారానికి పులిస్తే ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి కలిపి గుంతపొంగణాలు వెయ్యండి. అది కూడా అయిపోయిందా, పెసలు రాత్రి నానబోస్తే చాలు. పెసరట్టు పిండి పులియక్కర్లేదు. మధ్యాహ్నం డబ్బాకి పెరుగన్నం పెట్టుకునేవాళ్లకు ఒక మాట: పెరుగే కలిపేస్తే తినే వేళకు పులిసిపోతుంది. మెత్తటి అన్నం గోరువెచ్చగా అయ్యాక కాచిన పాలు ధారాళంగా పోసి, చెంచాడు పెరుగు, ఉప్పు కలిపి మూత పెట్టండి. మధ్యాహ్నానికి తోడుకుని కమ్మగా ఉంటుంది. ఎండలో తిరిగే ఉద్యోగమైతే పెరుగు అర చెంచానే.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తూ, ఈ రుబ్బుడూ డబ్బాలూ అన్నీ ఆవిడ నెత్తిన పడితే దాన్ని నేను పొదుపు అనను. హోటలువాడికిచ్చే కూలి ఎగ్గొట్టి ఇంట్లో మనిషి చేత ఊరికే చేయించుకోవడం అది. పిండీ డబ్బాలూ ఒకరివైతే, రాత్రి అన్నం, గిన్నెలు ఇంకొకరివి. ఈ పంపకం తెగకపోతే మళ్లీ యాప్ తెరుస్తారు, తెరిచినవాళ్లది తప్పని కూడా అనలేం.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు మెస్ డబ్బు ముందే కట్టేసి ఉంటారు. అక్కడి కూర నచ్చక బయట తింటే ఒకే పూటకు రెండుసార్లు కట్టినట్టు. ఒక పచ్చడి సీసా, నెయ్యి డబ్బా గదిలో పెట్టుకుంటే మెస్ అన్నం దిగుతుంది. మరీ చేతిలో డబ్బాడని రోజుల్లో జీహెచ్‌ఎంసీ 2014లో మొదలుపెట్టిన 5 రూపాయల భోజనం ఉంది. మొహమాటపడాల్సిన పని లేదు.

ఇక మిగిలిన డబ్బు. ఖాతాలో అలాగే ఉంచితే నెలాఖరుకు ఏదో ఒక సేల్‌లో పోతుంది. జీతం పడిన మర్నాడే 2,000 రికరింగ్ డిపాజిట్‌కు దానంతటదే వెళ్లేట్టు బ్యాంకులో పెట్టించండి. చీటీ వేసే అలవాటుంటే వెయ్యండి, కానీ రిజిస్టరైన కంపెనీలోనే. మొదటి నెలే 5,000 అని మొదలుపెట్టకండి. మధ్యలో ఆపేసేవాళ్లలో ఎక్కువమంది అలా మొదలుపెట్టినవాళ్లే.