ఒక్క లాప్‌టాప్‌లోనే రాని ప్లగిన్

"నా దాంట్లో పనిచేస్తోంది మరి!" మన ల్యాబుల్లో రోజుకోసారైనా వినిపించే మాట ఇది. చెప్పినవాళ్లకు అక్కడితో పని అయిపోతుంది, విన్నవాళ్లకు అక్కడే మొదలవుతుంది. పది కంప్యూటర్లలో నడిచే ప్లగిన్ పదకొండోదాంట్లో మొరాయిస్తే ఎక్కడ్నుంచి వెతకాలో, ఈ సెమిస్టర్‌లో మాకు తగిలిన ఒక కేసుతో చెబుతాను.

మా జూనియర్ ఒకమ్మాయిది అవనిగడ్డ వైపు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి వాళ్ల తాతయ్య రాసుకున్న జ్ఞాపకాలను ఎప్పుడో విజయవాడలో డీటీపీ చేయించారు. కాగితాలు పోయాయి, ఫైలు మిగిలింది. అదేమో పాతకాలం ఫాంటులో ఉంది. అంటే తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల కోడ్లే. ఫాంటు తీసేస్తే అంతా పిచ్చిగీతలు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే వర్డ్ ప్లగిన్ మా అందరి దగ్గరా భేషుగ్గా నడుస్తోంది. తన లాప్‌టాప్‌లో మాత్రం 'తాత్కాలిక ఫైలు తెరవలేకపోయాం' అంటూ ఆగిపోతోంది. రిపేరు షాపులో చూపిస్తే "ఫార్మాట్ కొట్టేద్దామమ్మా" అన్నారట. ఆ ఫైలుకు రెండో కాపీ లేదు!

అందుకే ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. "నీ దాంట్లో మార్చి ఇచ్చేయొచ్చు కదా అన్నా" అంది. ఇవ్వొచ్చు. కానీ ఇలాంటి మార్పిడిలో ఒత్తులు తారుమారవుతుంటాయి. ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు సరిచూడగలిగింది తాతయ్య ఒక్కరే. శని, ఆదివారాలు ఆయన పక్కన కూర్చుని పేజీ తర్వాత పేజీ మార్చుకోవాలంటే తన లాప్‌టాప్‌లోనే నడవాలి.

ఇలాంటప్పుడు 'ప్లగిన్‌కి ఏమైంది?' అని అడగడం దండగ. మిగతా చోట్ల నడుస్తోంది కదా. 'ఈ మెషీన్‌లో వేరేగా ఉన్నదేమిటి?' అని అడగాలి. ప్లగిన్ వర్షన్, విండోస్, వర్డ్ అన్నీ మావాటితో పోల్చాం, ఒకటే. వర్డ్ 32 బిట్‌దా 64 బిట్‌దా అన్నది కూడా చూశాం. చాలామంది విండోస్ బిట్లు చూసి ఊరుకుంటారు గానీ ప్లగిన్ కుదరాల్సింది వర్డ్ బిట్లతో. యాంటీవైరస్ దేన్నీ పట్టి దాచలేదు.

అప్పుడు అదే లాప్‌టాప్‌లో కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తెరిచాం. దాంట్లో నడిచింది! ఈ ఒక్క పరీక్షతో విండోస్, వర్డ్, యాంటీవైరస్ అన్నీ నిర్దోషులైపోయాయి. తేడా తన అకౌంట్‌లోనే ఉంది. ఆ అకౌంట్ పేరు తను ముచ్చటపడి తెలుగులో పెట్టుకుంది. అనుమానం వస్తే సరిపోదు కాబట్టి నా లాప్‌టాప్‌లోనూ తెలుగు పేరుతో ఒక అకౌంట్ చేశాను. అక్కడా ఆగిపోయింది. జబ్బును మనంతట మనం రప్పించగలిగితేనే మూలం దొరికినట్టు.

లోపల జరిగేది ఇదీ. అకౌంట్ పేరే యూజర్ ఫోల్డర్ పేరవుతుంది. తాత్కాలిక ఫైళ్లు ఉండే టెంప్ ఫోల్డర్ దాని లోపలే ఉంటుంది. పాత పద్ధతిలో రాసిన ప్రోగ్రాములు ఆ దారిని యూనికోడ్‌లో కాక, కోడ్ పేజీ అనే చిన్న పట్టికలో అడుగుతాయి. మన దగ్గర ఇంగ్లీషు విండోస్‌లో మామూలుగా ఉండేది 1252, పశ్చిమ యూరప్ భాషల పట్టిక. తెలుగుకు విండోస్ అలాంటి పట్టికే ఇవ్వలేదు. దాంతో పేరులోని ప్రతి తెలుగు గుర్తూ '?' అయిపోతుంది. ఫైలు పేర్లలో '?' ఉండకూడదని విండోస్ రూలు. ఇంకేం తెరుచుకుంటుంది! తెలుగు కోసం పుట్టిన ప్లగిన్ తెలుగు పేరు చూసి బోర్లా పడటం నాకైతే నవ్వూ చిరాకూ రెండూ తెప్పించింది.

సెట్టింగ్స్‌లో అకౌంట్ పేరు మార్చినా ఫోల్డర్ పేరు మారదు, ఆ పని పెట్టుకోకండి. సీ డ్రైవ్‌లో 'టెంప్' అని ఇంగ్లీషు పేరుతో ఫోల్డర్ చేసి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో టెంప్, టీఎంపీ రెండింటినీ దానికి తిప్పాం. వర్డ్ మూసి తెరిస్తే ప్లగిన్ నడిచింది. ఫార్మాట్ అక్కర్లేదు, తను పేరు మార్చుకోనూ అక్కర్లేదు. విండోస్ మొత్తాన్ని యూటీఎఫ్-8కి మార్చే బీటా ఆప్షన్ కూడా ఉంది కానీ దానివల్ల కొన్ని పాత ప్రోగ్రాములు చెడతాయి. పాత ఫాంటు ఫైళ్లతో పనున్నవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఒకచోట మామూలుగా ఉన్న తెలుగు ఇంకోచోట కొంప ముంచడం కొత్త కాదు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం వస్తే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు మూసుకుపోయేవి. ఆండ్రాయిడ్‌లో అదే మెసేజ్‌కి ఏమీ కాలేదు. 'జ్ఞా' వల్ల అని అందరూ అన్నారు గానీ 'జ్ఞాపకం' అని మనం రాసే మామూలు జ్ఞా కాదది. జ, పొల్లు, ఞ తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్, ఆపైన దీర్ఘం. ఆ వరుసను గీయలేకే యాప్ కూలేది. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6తో సరిచేశారు. ఏ గుర్తు తర్వాత ఏ గుర్తు వస్తే పడిపోతోందో తేలింది కాబట్టే అక్కడా తీగ దొరికింది.

మా ప్లగిన్ రాసినవాళ్లకూ మెయిల్ పెట్టాం. 'మీ ప్లగిన్ పనిచేయట్లేదు' అని కాదు. యూజర్ ఫోల్డర్ పేరు తెలుగులో ఉంటే ఆగుతోంది, ఇంగ్లీషులో ఉంటే నడుస్తోంది, టెంప్‌ని వేరే చోటికి తిప్పితే తెలుగు పేరుతోనూ నడుస్తోంది, రెండు లాప్‌టాప్‌లలో చూశాం అని, వర్షన్ నంబర్లు జతచేసి రాశాం. జవాబు ఇంకా రాలేదు.