శబ్దం ఎక్కడ ఆగిందో ముందు చూడు

చిరంజీవి మేనకోడలికి,

నీ మెసేజ్ చూశాను. ల్యాప్‌టాప్ స్పీకర్లు ఉన్నట్టుండి మూగబోయాయనీ, హాస్టల్ దగ్గర షాపులో చూపిస్తే నాలుగు మీటలు నొక్కి చూసి "మదర్‌బోర్డు పోయింది, మార్చాల్సిందే" అన్నారనీ రాశావు. వచ్చే వారం ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు కూడా ఉన్నాయన్నావు. ముందు ఆ బోర్డు మాట పక్కన పెట్టు. ఎవరికీ డబ్బు కట్టకు, ల్యాప్‌టాప్ విప్పనివ్వకు, ఫార్మాట్ అసలే చేయనివ్వకు. ఫోన్‌లో చెప్తే సగం జారిపోతుంది. పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చూసుకుంటావని ఇలా రాస్తున్నాను.

ఇంకేమీ చదవకముందే ఒకటి చెప్పు తల్లీ, దాని మీద నీళ్లు గానీ టీ గానీ ఒలికాయా? ఒలికి ఉంటే ఇదంతా వదిలెయ్యి. వెంటనే ఆపేసి, ఛార్జర్ తీసేసి, మళ్లీ ఆన్ చేయకుండా కంపెనీ సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లు. బియ్యంలో పెట్టమని ఎవరో ఒకరు చెప్తారు. బోర్డు మీద చేరిన పంచదార నీళ్లను బియ్యం ఏమీ చేయలేదు. తడి తగల్లేదూ అంటే మిగతాది చదువు.

పాట నీ చెవిదాకా రావాలంటే మధ్యలో చాలా చేతులు మారుతుంది. బ్రౌజర్ దాన్ని విండోస్‌కి ఇస్తుంది, విండోస్ డ్రైవర్‌కి ఇస్తుంది, డ్రైవర్ బోర్డు మీదున్న ఆడియో చిప్‌కి ఇస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో అది తైవాన్ కంపెనీ రియల్‌టెక్ తయారుచేసిన చిప్. అంకెల రూపంలో వచ్చినదాన్ని ఆ చిప్ కరెంటు తరంగంగా మారుస్తుంది. దాన్ని యాంప్లిఫయర్ పెంచి, సన్నని తీగల మీదుగా స్పీకర్‌కి పంపుతుంది. ఇందులో ఎక్కడ తెగినా నీకు తెలిసేది ఒక్కటే, సౌండ్ లేదని. ఆ ఒక్క ముక్క విని బోర్డు పోయిందని తేల్చడం ఎంత పనిమంతుడికైనా కుదరదు. అందుకే ఆ మాట నేను నమ్మడం లేదు.

ఎక్కడ తెగిందో తెలుసుకోవడానికి వైరున్న మామూలు ఇయర్‌ఫోన్ ఒకటి అరువు తెచ్చుకో. పెట్టి పాట వెయ్యి. వినిపిస్తే నీ బోర్డు, చిప్, డ్రైవర్ దాదాపుగా బాగున్నట్టే. అనుమానం ఇక స్పీకర్లు, వాటి తీగలు, యాంప్లిఫయర్, జాక్, సెట్టింగ్స్ వరకే. వినిపించకపోతే బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కలిపి చూడు. బ్లూటూత్ శబ్దం ఆ రియల్‌టెక్ చిప్ గుండా పోదు, దాని దారి వేరు. అందులో వచ్చి, వైరు ఇయర్‌ఫోన్‌లో రాకపోతే విండోస్ తన పని తాను చేస్తోందని అర్థం. గొడవ సెట్టింగ్స్‌లోనో, డ్రైవర్ దగ్గరో, చిప్ దగ్గరో ఉంది. రెండింటిలోనూ రాకపోతే ఇంకా పైన, విండోస్‌లోనో నువ్వు వాడే యాప్‌లోనో వెతకాలి. ఈ కాస్త పరీక్ష చేయకుండా ఎవరు ఏ భాగం పేరు చెప్పినా అది ఊహే.

ఇప్పుడు సెట్టింగ్స్ సంగతి. తెర కింద గడియారం పక్కనున్న స్పీకర్ బొమ్మ నొక్కితే వాల్యూమ్ గీత వస్తుంది. దాని పక్కనున్న గుర్తు నొక్కితే శబ్దం ఎటు పోవాలో ఎంచుకునే జాబితా కనిపిస్తుంది. అందులో స్పీకర్స్ కాకుండా మానిటర్ పేరో, టీవీ పేరో, ఇయర్‌బడ్స్ పేరో ఎంపికై ఉంటే నీ రోగం అదే. హెచ్‌డీఎంఐ వైరుతో మానిటర్ తగిలించగానే విండోస్ శబ్దాన్ని కూడా అటే మళ్లించవచ్చు. ఆ మానిటర్‌కి స్పీకర్లే లేకపోతే ఇక ఎక్కడా వినపడదు. మూత సరిగా పడని ఇయర్‌బడ్స్ డబ్బా బ్యాగులో ఉండి, శబ్దమంతా దానిలోకి పోవడం కూడా మామూలే.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్, దాని అడుగున మోర్ సౌండ్ సెట్టింగ్స్ తెరువు. ప్లేబ్యాక్ జాబితాలో స్పీకర్స్ పక్కన నిలువు పట్టీ ఉంటుంది. పాట వేసినప్పుడు అది పచ్చగా ఎగిరిపడుతుంటే విండోస్ శబ్దాన్ని స్పీకర్ల వైపే పంపుతోందని గుర్తు. అది కదలకపోతే వాల్యూమ్ మిక్సర్ చూడు. ఒక్కో యాప్‌కీ అక్కడ విడిగా వాల్యూమ్ ఉంటుంది. మాస్టర్ వాల్యూమ్ వందలో ఉన్నా, బ్రౌజర్ ఒక్కటే సున్నాలో ఉండిపోవచ్చు. గూగుల్ మీట్, జూమ్‌లకు వాటి లోపల స్పీకర్ ఎంపిక మళ్లీ వేరే ఉంది. ఇంటర్వ్యూ ముందు రోజు అక్కడ కూడా చూసి పెట్టుకో.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్తున్నాను. షట్‌డౌన్ చేసి ఆన్ చేశాను కదా అనుకోకు, రీస్టార్ట్ చెయ్యి. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ తన లోపలి స్థితిని, డ్రైవర్లతో సహా, డిస్క్‌లో దాచుకుని మర్నాడు దాన్నే లేపుతుంది. చిక్కుపడిన డ్రైవర్ అదే చిక్కుతో లేస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి. దాంతోనూ కదలకపోతే పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, పవర్ బటన్ ముప్పై సెకన్లు నొక్కి పట్టుకుని వదులు. తర్వాత ఛార్జర్ పెట్టి ఆన్ చెయ్యి. బోర్డు మీద మిగిలిన కరెంటు పోయి, మొండికేసిన చిప్ కొన్నిసార్లు దారికొస్తుంది.

డ్రైవర్ విషయంలో మాత్రం జాగ్రత్త. స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరువు. సౌండ్ విభాగంలో రియల్‌టెక్ పేరు పక్కన పసుపు త్రికోణం ఉందేమో చూడు. ఈమధ్య అప్‌డేట్ పడ్డాకే సౌండ్ పోయి ఉంటే, ప్రాపర్టీస్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కు. లేదంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ మళ్లీ వేసుకుంటుంది. కొత్తది కావాలంటే నీ ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో, అడుగున అంటించిన సీరియల్ నంబర్ కొట్టి, అక్కడిచ్చినదే దింపుకో. ఒక్క నొక్కుతో డ్రైవర్లన్నీ వేస్తామనే ప్యాకుల జోలికి పోకు. నీది కాని డ్రైవర్‌నీ, అడగని చెత్తనీ కలిపి ఎక్కిస్తాయి. ఏం మార్చినా ఒకసారి ఒక్కటే మార్చు, రీస్టార్ట్ చెయ్యి, విను, నోట్‌బుక్‌లో రాసుకో. నాలుగు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు.

ఇయర్‌ఫోన్‌లో వచ్చి స్పీకర్లలో రాకపోతే జాక్ మీద ఓ కన్నెయ్యి. రంధ్రం లోపల చిన్న రేకు స్ప్రింగులా పనిచేస్తుంది. పిన్ను దూరగానే అది పక్కకు జరుగుతుంది. దాన్ని బట్టే చిప్‌కి ఇయర్‌ఫోన్ వచ్చిందని తెలిసి, స్పీకర్లను ఆపేస్తుంది. పిన్ను తీశాక ఆ రేకు వెనక్కి రాకపోతే ల్యాప్‌టాప్ ఇయర్‌ఫోన్ ఇంకా ఉందనే అనుకుంటుంది. ఫోన్ టార్చి వేసి చూడు. బ్యాగులో తిరిగిన మెషీన్లలో ఆ రంధ్రం అడుగున బూడిద రంగు నూలు పీచు ఉండకట్టి కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ ఆపేసి, చెక్క టూత్‌పిక్ మొనతో మెల్లగా లాగు. గుండుసూది, పిన్నీసు పెట్టకు, లోపలి కొసలు కలిసిపోతాయి. తర్వాత ఇయర్‌ఫోన్ పిన్ను నిదానంగా పదిసార్లు పెట్టి తీస్తే, ఇరుక్కున్న రేకు చాలాసార్లు కదులుతుంది.

ఇంకో మాట. రెండు స్పీకర్లూ ఒక్క క్షణంలో, గరగర కూడా లేకుండా ఆగిపోయాయన్నావు. స్పీకర్ చావు సాధారణంగా అలా ఉండదు. ముందు గొంతు బొంగురు పోతుంది, ఒక పక్క తగ్గుతుంది, తర్వాత ఆగుతుంది. రెండూ కలిసి ఆగాయంటే సెట్టింగో, డ్రైవరో, జాకో, లేదా బోర్డులో ఊడిన కనెక్టరో అని నా అంచనా. తీగ ఊడితే మళ్లీ గుచ్చడమే, బోర్డు మార్చడం కాదు.

ఇవన్నీ అయ్యాక కూడా రాకపోతే నీ సీనియర్లలో, విండోస్ బదులు నడిచే ఉబుంటు పెన్‌డ్రైవ్ ఉన్నవాళ్లని అడుగు. దాంతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ నొక్కకుండా, ట్రై ఉబుంటు ఎంచుకుని పాట వెయ్యి. నీ ఫైళ్లు ఏవీ చెదరవు. అక్కడ స్పీకర్లు మోగితే చిప్, తీగలు, స్పీకర్లు అన్నీ నిక్షేపంగా ఉన్నట్టు, తప్పు విండోస్‌దే. మోగకపోతే మాత్రం పాడైందని తీర్మానించకు. కొత్త ల్యాప్‌టాప్‌లలో కొన్ని యాంప్లిఫయర్లకు ఉబుంటులో వేరే ఫైళ్లు కావాల్సి ఉంటుంది.

ఇంటర్వ్యూలకు బెంగ పడకు. యూఎస్‌బీ హెడ్‌సెట్ ఒకటి కొనుక్కో. దానికి దానిలోనే సొంత ఆడియో చిప్ ఉంటుంది, నీ బోర్డు మీది ఆడియో చిప్‌తో పని లేదు. మైకు కూడా ల్యాప్‌టాప్ మైకు కన్నా మేలు. డబ్బులు నేను ఫోన్‌పే చేస్తాను, మా అక్కయ్యకు చెప్పి కంగారు పెట్టకు.

చివరికి విప్పక తప్పదంటే, ముందు బిల్లు తీసి వారెంటీ ఉందో లేదో చూడు. ఉంటే కంపెనీ సెంటర్‌కే ఇవ్వు. లేకపోతే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో నీ కళ్ల ముందే విప్పే షాపు ఎంచుకో. ఫైళ్లు ముందే బ్యాకప్ తీసుకో, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇవ్వకు. మల్టీమీటర్‌తో స్పీకర్ కొలిచి చూపించమను. బాగున్న స్పీకర్ నాలుగో, ఎనిమిదో ఓమ్‌ల దరిదాపుల్లో చూపిస్తుంది. బోర్డు అంటే, బోర్డులో ఏ భాగమో చెప్పమని అడుగు.

ఈ రాత్రి ఇయర్‌ఫోన్ పరీక్ష ఒక్కటి చేసి, వైరులో ఏమైంది, బ్లూటూత్‌లో ఏమైంది, రెండూ మెసేజ్ పెట్టు. మిగతాది ఆదివారం వీడియో కాల్‌లో ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య