మంచు గొంగళి

పాఠము: 147వ కీర్తన 16, 17 వచనములు

ఈ కీర్తనలో హిమము గొఱ్ఱెబొచ్చుతో పోల్చబడియున్నది. మంచు కురియని మైదానములలో నివసించు మనము, రెండును తెల్లనివే గదా అని ఈ మాటను దాటిపోవుదుము. మేమును చాలకాలము అట్లే బోధించితిమి. అయితే ప్రియ సహోదరులారా, చలికాలపు రాత్రి గొంగళి కప్పుకొని చేనికి కావలి కాసిన రైతును అడుగుడి. అతడు బొచ్చు రంగును గూర్చి చెప్పడు; వెచ్చదనమును గూర్చి చెప్పును. మన గొంగళ్లు నల్లనివే గదా! మరి మంచు వెచ్చగా కప్పునా? కప్పునని ఉత్తర ధ్రువప్రాంతములోని ఒక చిన్న పొదవలన తెలియుచున్నది.

దాని పేరు కాసియోపీ. గ్రీన్‌లాండు, స్వాల్‌బార్డు దీవులు, కెనడా ఉత్తర భాగము దాని నివాసములు. దాని జాతిలోనిదే మరియొకటి మన హిమాలయములలో ఎత్తైన చోట్ల పెరుగును. ఈ పొద జానెడు ఎత్తుకు మించుట అరుదు. చిన్న ఆకులు నాలుగు వరుసలుగా కొమ్మను అంటుకొని, అల్లిన జడవలె కనబడును. తెల్లని పువ్వులు చిన్న గంటలవలె తలవంచి వ్రేలాడును. 1753లో లిన్నేయసు పండితుడు దీనిని ఆండ్రోమెడా అను గ్రీకు పురాణకథలోని రాజకుమార్తె పేరుగల జాతిలో చేర్చెను. 1834లో డేవిడ్ డాన్ అను ఆయన వేరుచేసి, ఆ కన్య తల్లి పేరు పెట్టెను.

ఈ మొక్క ఆకు రాల్చదు. చలికాలమంతయు పచ్చగానే యుండవలెను. మంచుపైకి పొడుచుకొనివచ్చిన కొమ్మను గాలి కోయును. వేళ్లు గడ్డకట్టిన నేలలో నీరు త్రాగలేకుండగా ఎండ ఆకును ఆర్చివేయును. మంచు క్రింద నున్న కొమ్మ బ్రదుకును. కొత్తగా కురిసిన మంచు రేకుల నడుమ కదలని గాలి చిక్కుకొనియుండును. ఆ గాలి వేడిని త్వరగా పోనీయదు. గొఱ్ఱెబొచ్చు మనలను కాపాడుటయు సరిగా ఈలాగుననే. అయితే మంచు మరీ ఎక్కువైనను కష్టమే. అది ఆలస్యముగా కరిగినయెడల, ముందటి వేసవిలో సిద్ధపడిన మొగ్గ విచ్చి గింజకట్టుటకు దినములు చాలవు.

ఏడాదికి కొమ్మ పెరుగునది కొద్ది మిల్లీమీటర్లే. వేసవి మొదట పుట్టిన ఆకులు పొట్టివి, నడుమ పొడుగువి, చివర మరల పొట్టివి. చచ్చిన ఆకులును చాల యేండ్లు రాలవు గనుక, వాటిని కొలిచి ఎల్స్‌మియర్ దీవిలో వంద సంవత్సరములకు పైబడిన వేసవుల లెక్క చదివియున్నారు. చెట్లులేని ఆ దేశములో ఇన్యూయిటు జనులకు ఇది వంటచెరకు కూడ. దానిలో జిగురున్నందున తడిగానున్నను మండును. ఒక పూట పొయ్యిలో ఎన్ని యేండ్ల పెరుగుదల కాలిపోవునో!

ఇక 17వ వచనము. మన బైబిలులో వడగండ్లు అని యున్నచోట హెబ్రీ మాటకు మంచుగడ్డ అనియు అర్థమున్నది. బొచ్చువంటిది వేరు, గడ్డ వేరు. ఈ కాలమున స్వాల్‌బార్డులో చలికాలపు వర్షములు హెచ్చినవి. వాన నీరు మంచులో దిగి గడ్డకట్టి మొక్కలను బంధించును. ఆ పలకలో గాలి యుండదు. శాస్త్రజ్ఞులు కావలెనని కాసియోపీ పొదలను అట్టి గడ్డతో కప్పి చూచిరి. ఎక్కువ కొమ్మలు చచ్చెను, పువ్వులు తగ్గెను. మిగిలిన కొమ్మలు మాత్రము మరుసటి వేసవిలో మునుపటికంటె పొడవుగా చిగిర్చెను.