కళ్లములోనే తూర్పార

చిల్పూరు రైతు వడ్లను కళ్లములోనే తూర్పారబట్టును. తాలును, దుమ్మును అచ్చటనే విడిచి, గట్టి గింజలను మాత్రమే బస్తాల కెత్తి అంగడికి పంపును. తాలునకు బండికూలి యేల? వార్తల రవాణాకును ఈ నీతియే వర్తించును.

జనగామ జిల్లాలోని చిల్పూరు గుట్టపై బుగులు వేంకటేశ్వరస్వామి ఆలయము కలదు. ఉత్సవదినమున జనమెంత యున్నదో తెలిసికొనుటకు గుట్టదారిలో నొక కెమెరాను నిలిపినట్లు ఊహింపుడు. అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు గల రంగుల చిత్ర మొకటి కుదింపనిచో సుమారు 62 లక్షల బైట్లగును. సెకనునకు 25 చిత్రములైనచో 15 కోట్ల బైట్లు దాటును. కుదించినను భారము స్వల్పము కాదు. వేలకొలది ఫోన్లు ఒక్కసారి పనిచేయు వేళ ఆ దృశ్యములు దూరపు కంప్యూటరును చేరి, హెచ్చరిక తిరిగి వచ్చునంతవరకు తొక్కిసలాట ఆగునా? కెమెరా చెంతనే చిన్న కంప్యూటరు నుంచి, తలలను అచ్చటనే లెక్కించి, సంఖ్యను మాత్రమే పంపినచో కొద్ది బైట్లు చాలును. ఈ పద్ధతినే ఎడ్జ్ కంప్యూటింగ్ అందురు.

ఇందు మరియొక మేలు కలదు. యాత్రికుల ముఖములు గుట్ట దాటవు. పరుల చేతబడిన చిత్రము మరల మన వశము కాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. సమ్మతిపై తీసికొను వివరములు పనికి అవసరమైనంతవరకే యుండవలెనని 2023లో పార్లమెంటు చేసిన చట్టము చెప్పుచున్నది.

అయినను చేట పట్టువాని నేర్పు ముఖ్యము. గాలి హెచ్చినచో తాలుతో గింజయు కొట్టుకొనిపోవును; సరిగా నేర్పని యంత్రము చీకటిలోని మనుష్యుని లెక్కింపక విడువవచ్చును. పారవేసినదానిని పిమ్మట పరీక్షింపజాలము. కావున ఏది గింజయో, ఏది తాలో ముందుగా విచారించియే వడపోయవలెను.