బాల్యపు కష్టం, నడివయసు జబ్బు

శాన్‌డియాగోలో కైజర్ పర్మనెంటే వైద్యుడు విన్సెంట్ ఫెలిటీ, అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ నిపుణుడు రాబర్ట్ ఆండా తదితరుల ‘ఏస్’ (బాల్యంలో ఎదురైన ప్రతికూల అనుభవాల) అధ్యయనం 1998లో వెలువడింది. చిన్నప్పుడు హింస, ఇంట్లో తాగుడు వంటి ఏడు రకాల కష్టాల్లో నాలుగైనా అనుభవించినవారిలో గుండెజబ్బు, అవేవీ ఎరగనివారితో పోలిస్తే సుమారు రెండింతలు కనిపించింది. పెద్దయ్యాక గుర్తుచేసుకుని చెప్పినవి నమ్మేదెలా అన్నది గట్టి అభ్యంతరమే. జవాబు న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో ఉంది. అక్కడ 1972-73లో పుట్టిన సుమారు వెయ్యి మందిని పసితనం నుంచే గమనిస్తున్నారు. బాల్యంలో హింసకు గురైనవారి రక్తంలో 32 ఏళ్లకు, శరీరంలో ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే సి-రియాక్టివ్ ప్రొటీన్ ఎక్కువగా తేలింది. తప్పంతా పొగతాగడం వంటి అలవాట్లదే అందామా? వాటిని లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. అయితే ఏస్ స్కోరు, అంటే అలాంటి కష్టాల లెక్క, చెప్పేది సమూహాల ముప్పునే. దాన్ని ఒక మనిషి జాతకంలా చదవడం (చాలామంది చేసేది అదే) పొరపాటు.